తొలి అడుగు... అబ్బా!

మాత్ర వేసుకుంటే తగ్గుతుంది. ఆపితే తిరిగొస్తుంది. వేడినీళ్లు, జిల్లేడాకులు, జండూబామ్‌లు అన్నీ అయిపోయినా మడమ నొప్పి మాత్రం వదలదు. దీనికి అసలైన మందు రోజుకో పావుగంట వ్యాయామం, కొన్ని నెలల ఓపిక. ఆ వ్యాయామమేంటి, ఎలా చేయాలి, ఎందుకు పనిచేస్తుంది?

పొద్దున్నే మెలకువ వస్తుంది. మంచం దిగి అడుగు వేస్తారో లేదో... మడమలో మేకు దిగినట్టు చురుక్కుమంటుంది. గోడ పట్టుకుని, మునివేళ్ల మీద కుంటుకుంటూ బాత్రూమ్ దాకా వెళ్తారు. పది పదిహేను అడుగులు పడేసరికి నొప్పి కాస్త సద్దుమణుగుతుంది. పొయ్యి మీద పాలు, పిల్లల టిఫిన్ బాక్సులు, బస్సు టైమూ... ఈ హడావిడిలో పడి దాని సంగతే మర్చిపోతారు. మధ్యాహ్నం భోంచేసి ఓ అరగంట కూర్చుని లేస్తే మళ్లీ అదే పోటు. సాయంత్రానికి మడమంతా ఒకటే సలుపు.

ఇది చదివి ‘అచ్చం నాకూ ఇంతే’ అనుకుంటున్నారా? అయితే మీకు తోడు చాలామందే ఉన్నారు. ప్రతి పదిమందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ బాధ తప్పదని వైద్యుల అంచనా. 40 నుంచి 60 ఏళ్ల మధ్య వయసులో మరీ ఎక్కువ. మన ఊళ్లలో మడమ శూల అంటారు. డాక్టర్లు పెట్టిన పేరు ప్లాంటార్ ఫేషియైటిస్.

పేరు ఏదైతేనేం, ఇంట్లో వినిపించే మాటలు మాత్రం ఒకటే. ‘వయసొచ్చింది కదా’ అంటారొకరు. ‘ఒళ్లు తగ్గించు’ అంటారు ఇంకొకరు. ‘కాల్షియం తక్కువైందేమో’, ‘యూరిక్ యాసిడ్ చూపించుకో’... ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. ఇటుక వేడిచేసి జిల్లేడాకులు పరిచి దాని మీద కాలు పెట్టమనే పెద్దలూ ఉన్నారు. కాపడంతో కాసేపు హాయిగా ఉండొచ్చు. కానీ నొప్పి పుట్టిన చోట జరుగుతున్నది వేరు.

వింటికి నారిలా...

తడి కాలితో గచ్చు మీద నడిచి, పడిన అచ్చు చూడండి. చాలామందికి లోపలివైపు కొంత మేర ఖాళీ కనిపిస్తుంది. అదే పాదం వంపు. ఆ వంపు కిందికి జారిపోకుండా మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా ఓ దళసరి పట్టీ ఉంటుంది, విల్లుకు నారి కట్టినట్టు. దాని పేరే ప్లాంటార్ ఫేషియా.

అడుగు తీసేటప్పుడు ముందు మడమ పైకి లేస్తుంది, వేళ్లు పైకి వంగుతాయి. అప్పుడు ఈ పట్టీ గిలకకు చుట్టుకున్న చేదతాడులా బిగుసుకుని, పాదం వంపును పైకి లాగుతుంది. అంతదాకా మెత్తగా ఉన్న పాదం ఆ క్షణంలో గట్టిపడి ఒంటిని ముందుకు నెడుతుంది. ఈ సంగతిని 1954లో జె.హెచ్.హిక్స్ అనే బ్రిటిష్ పరిశోధకుడు వివరించారు. మడమ నొప్పికి ఇప్పుడు చేయిస్తున్న ప్రధాన వ్యాయామాల్లో కొన్నింటికి మూలం ఇదే.

రోజుకు కొన్ని వేల అడుగులు వేస్తాం. అన్నిసార్లూ ఈ పట్టీ బిగుసుకోవాలి, వదులవ్వాలి. ఓర్చుకోగలిగినంత కంటే ఎక్కువ పని పడినప్పుడు, అది మడమ ఎముకకు అతుక్కునే చోట... అంటే మడమ కింద, కాస్త లోపలివైపుగా దెబ్బతింటుంది. నిద్రలో పాదం కిందికి వాలి ఉంటుంది కాబట్టి పట్టీ, పిక్క కండరాలు రాత్రంతా బిగుసుకునే ఉంటాయి. పొద్దున్నే ఒంటి బరువంతా ఒక్కసారిగా పడేసరికి ఆ బిగిసిన పట్టీ సాగుతుంది. తొలి అడుగులో ప్రాణం పోయినంత పనవడానికి కారణం అదే.

మాత్రతో ఎందుకు పోదు?

ప్లాంటార్ ఫేషియైటిస్ అన్న పేరులో ‘ఐటిస్’ అంటే వాపుతో కూడిన మంట. కానీ 2003లో అమెరికా పరిశోధకులు ఈ సమస్యకు ఆపరేషన్ చేయించుకున్న 50 కేసుల్లో బయటికి తీసిన కణజాలాన్ని పరిశీలిస్తే అలాంటి వాపు జాడలు కనిపించలేదు. కనిపించిందల్లా పట్టీలోని పీచులు అరిగి, చెదిరిపోయిన ఆనవాళ్లు. అంటే నెలల తరబడి సాగే మడమ నొప్పిలో వాపు కంటే అరుగుదలే ఎక్కువన్నమాట.

నొప్పి మాత్ర వేసుకుంటే ఆ పూట గడుస్తుంది. అరిగిన పీచు మాత్రం అలాగే ఉంటుంది. పోనీ పూర్తిగా మంచమెక్కి విశ్రాంతి తీసుకుందామా అంటే, పనిలేని పట్టీ ఇంకా బలహీనపడుతుంది. లేచి తిరగడం మొదలుపెట్టగానే నొప్పి మళ్లీ మొదటికొస్తుంది. దానికి కావలసింది బలం. ఆ బలం కొలత ప్రకారం పని చెబితేనే వస్తుంది. ఫిజియోథెరపీ చేసేది సరిగ్గా ఆ పనే. ముందు బిగుసుకున్నదాన్ని సాగదీస్తుంది, తర్వాత బలహీనపడినదానికి కొద్దికొద్దిగా బరువు అలవాటు చేస్తుంది.

మరి ఎముక పెరిగిందన్నారే...

మడమ నొప్పితో వెళ్లినవాళ్లలో చాలామందికి ఎక్స్‌రేలో చిన్న కొక్కెంలాంటి ఎముక కనిపిస్తుంది. ‘మడమలో ఎముక పెరిగింది’ అనగానే గుండె గుభేల్‌మంటుంది. అది గుచ్చుకునే నొప్పి వస్తోందనీ, కోసి తీసేస్తే తప్ప పోదనీ అనుకుంటారు. నిజానికి ఏ నొప్పీ లేని కాళ్లకు ఎక్స్‌రే తీసినా ఈ ములుకు కనిపిస్తుంటుంది. విపరీతమైన నొప్పి ఉండి, ములుకు లేనివాళ్లూ ఉన్నారు. ఆ ఎముక అలాగే ఉండగానే వ్యాయామంతో నొప్పి పూర్తిగా తగ్గిపోవడమూ మామూలే. కాబట్టి ఎక్స్‌రే చూసి బెంబేలు పడాల్సిన పనిలేదు.

ఎవరికి వస్తుంది?

గంటల తరబడి నిలబడి పనిచేసేవాళ్లకు ముందు వస్తుంది. బట్టల దుకాణంలో పొద్దుట్నుంచి రాత్రిదాకా చీరలు మడతలు విప్పి చూపించే అమ్మాయిలు, టీచర్లు, నర్సులు, ట్రాఫిక్ కానిస్టేబుళ్లు, హోటల్ సర్వర్లు... నాపరాళ్లు, గ్రానైటు పరిచిన వంటింట్లో వట్టికాళ్లతో పనిచేసే గృహిణులూ ఈ జాబితాలో ఉన్నవాళ్లే. అధిక బరువు ఉన్నవాళ్లకూ, పిక్క కండరాలు బిగుసుకుపోయి పాదం పైకి సరిగ్గా వంగనివాళ్లకూ ముప్పు ఎక్కువ.

ఇక ఉన్నట్టుండి కాళ్లకు పని పెంచినవాళ్లు. కొత్త సంవత్సరం రోజున ఉత్సాహంగా వాకింగ్ మొదలుపెట్టి మొదటివారమే ఐదు కిలోమీటర్లు నడిచేవాళ్లు ఉంటారు. ఏడాదంతా చెప్పులు విడవనివాళ్లు అయ్యప్ప దీక్షలో 41 రోజులు వట్టికాళ్లతో తిరుగుతారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతారు. సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడుస్తారు. మొక్కు తీర్చుకోవద్దని కాదు. నెల ముందు నుంచే రోజూ కొంత కొంత నడక పెంచుకుంటూ వెళ్తే కాలు కూడా సిద్ధంగా ఉంటుంది.

మంచం దిగకముందే...

ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లగానే యంత్రం పెట్టేస్తారనుకుంటారు. మంచి ఫిజియోథెరపిస్టు ముందు మాట్లాడిస్తారు. నొప్పి ఎప్పుడొస్తుంది, పని ఏంటి, ఎలాంటి చెప్పులు వేస్తారు... అన్నీ అడుగుతారు. మడమ కింద నొక్కి చూస్తారు. బొటనవేలు పైకి వంచి చూస్తారు. పాదం ఎంతవరకు వంగుతోందో, నడక ఎలా ఉందో గమనిస్తారు. తర్వాత చేయించే వ్యాయామాల్లో ముఖ్యమైనవి ఇవీ.

అరికాలి పట్టీని సాగదీయడం: పొద్దున్నే లేవగానే, కాలు నేలమీద పెట్టకముందే చేయాలి. మంచం మీదే కూర్చుని నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకోండి. కాలివేళ్లను చేత్తో పట్టుకుని ముంగాలి వైపు వెనక్కి వంచండి. అరికాలి మధ్యలో పట్టీ తీగలా బిగుసుకోవడం రెండో చేతికి తెలుస్తుంది. పది లెక్కపెట్టేదాకా ఉంచి వదిలేయండి. ఇలా పదిసార్లు. రోజుకు మూడు విడతలు. ఎక్కువసేపు కూర్చుని లేచే ముందు కూడా చేస్తే మంచిది.

చూడ్డానికి ఇంత తేలిగ్గా ఉన్నా దీని వెనక పెద్ద పరీక్షే జరిగింది. అమెరికాలోని రోచెస్టర్‌లో నెలల తరబడి మడమ నొప్పితో బాధపడుతున్న 101 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుతో పిక్క కండరాలను మాత్రమే సాగదీయించారు. రెండో జట్టుతో ఈ అరికాలి వ్యాయామం చేయించారు. ఎనిమిది వారాలకు రెండో జట్టుకే ఎక్కువ ఉపశమనం దొరికిందని 2003లో ప్రకటించారు. రెండేళ్ల తర్వాత మళ్లీ పలకరిస్తే, సమాధానమిచ్చినవాళ్లలో 92 శాతం మంది ఫలితం పట్ల దాదాపుగా సంతృప్తిగానే ఉన్నారు.

పిక్కలను సాగదీయడం: గోడకు ఎదురుగా నిలబడి రెండు చేతులూ ఆనించండి. నొప్పి ఉన్న కాలు వెనక్కి, రెండోది ముందుకు. వెనక కాలి మడమ నేలకు ఆనే ఉండాలి, మోకాలు వంగకూడదు. అలా ముందుకు వాలితే పిక్క లాగుతుంది. అర నిమిషం ఉంచండి. మూడుసార్లు చేశాక, అదే భంగిమలో వెనక మోకాలు కాస్త వంచి మరో మూడుసార్లు చేయండి. మొదటిది పైనున్న పెద్ద కండరానికి, రెండోది దాని కిందున్న కండరానికి.

మెట్టు మీద బలం: సాగదీయడం ఒక వంతు అయితే బలం పెంచడం రెండో వంతు. ఓ తువ్వాలు చుట్టగా చుట్టి మెట్టు అంచున పెట్టండి. కాలివేళ్లు దాని మీద ఉండాలి, మడమ మెట్టు బయట గాల్లో ఉండాలి. పక్కనున్న రెయిలింగు పట్టుకుని నెమ్మదిగా మడమ పైకి లేపండి. లేపడానికి మూడు సెకన్లు, పైన రెండు సెకన్లు, దించడానికి మూడు సెకన్లు. వేళ్ల కింద తువ్వాలు ఉండటం వల్ల అరికాలి పట్టీ చేదతాడులా బిగుసుకుని, దానికీ పని పడుతుంది. రోజు విడిచి రోజు చేస్తే చాలు. ఒంటికాలి మీద చేయలేకపోతే మొదట రెండు కాళ్లతో చేయొచ్చు.

డెన్మార్క్ పరిశోధకులు 48 మందిని తీసుకుని కొందరితో సాగదీసే వ్యాయామం, కొందరితో ఈ మెట్టు వ్యాయామం చేయించారు. 12 సార్ల చొప్పున మూడు విడతలతో మొదలుపెట్టి, కాస్త బలం రాగానే వీపున సంచి తగిలించి అందులో పుస్తకాలు పెట్టించి బరువు పెంచారు. మూడు నెలలకు మెట్టు వ్యాయామం చేసినవాళ్లే ముందున్నారు. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ ఒకే దగ్గరికి చేరారు. 2014లో వెలువడిన ఈ ఫలితం చెప్పేదేంటంటే... దారి ఏదైనా మానకుండా చేస్తే గమ్యం చేరతారు, బలం పెంచుకుంటే కాస్త ముందుగా చేరతారు.

చల్లటి సీసా: ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పోసి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, బట్ట చుట్టి, కుర్చీలో కూర్చుని అరికాలి కింద ఐదారు నిమిషాలు దొర్లించండి. సాయంత్రం సలుపుకు ఉపశమనంగా ఉంటుంది. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం ఈ పని చేయకూడదు. వేడి ఇటుకలు, మరిగే నీళ్లు అసలే వద్దు. కాలిన సంగతి కూడా తెలియదు, పుండు పడుతుంది.

యంత్రాలు, పట్టీలు, ఇంజెక్షన్లు

ఫిజియోథెరపిస్టులు వేసే టేపు తొలి రోజుల్లో నొప్పిని బాగానే అదుపు చేస్తుంది. చేతులతో పిక్కనూ పాదాన్నీ వదులుచేసే చికిత్స కూడా మేలు చేస్తుంది. తొలి అడుగు నొప్పి మరీ ఎక్కువగా ఉన్నవాళ్లకు రాత్రిపూట పాదాన్ని కిందికి వాలనీయకుండా నిలువుగా పట్టి ఉంచే నైట్ స్ప్లింట్ ఒకటి నుంచి మూడు నెలలు వాడమంటారు. చెప్పుల్లో పెట్టుకునే మెత్తలు వ్యాయామానికి తోడుగా పనికొస్తాయి. వాటితోనే సరిపెట్టుకుంటే ఫలితం అంతంతే.

‘పది రోజులు వచ్చి అల్ట్రాసౌండ్ పెట్టించుకోండి’ అంటే మాత్రం వ్యాయామాల సంగతేంటని అడగండి. సాగదీసే వ్యాయామాలకు అల్ట్రాసౌండ్ జోడించడం వల్ల అదనపు లాభం లేదు, వాడొద్దని అమెరికాలోని ఫిజికల్ థెరపిస్టుల సంఘం 2023లో సవరించిన మార్గదర్శకాల్లో చెప్పింది. నెలల తరబడి వ్యాయామం చేసినా తగ్గనివాళ్లకు షాక్‌వేవ్ చికిత్స ఒక మార్గం.

స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్ని వారాలు హాయిగా ఉంటుంది. కానీ ఆ హాయి నిలవదు. పైగా పట్టీ తెగిపోయే ప్రమాదం, మడమ కింద సహజంగా ఉండే కొవ్వు మెత్త పలచబడే ప్రమాదం ఉన్నాయి. తప్పనిసరైతే డాక్టరు సలహాతో తీసుకోవాలి తప్ప నొప్పి వచ్చినప్పుడల్లా పొడిపించుకునేది కాదు. ఆపరేషన్ దాకా వెళ్లాల్సి వచ్చేది కొద్దిమందికే.

ఎంసీఆర్ చెప్పుల కథ

మడమ నొప్పి అనగానే మన దగ్గర ఎక్కువమంది కొనేది ఎంసీఆర్ చెప్పులు. మైక్రో సెల్యులార్ రబ్బర్ అన్న మాటకు అది పొట్టి పేరు. లోపల సూక్ష్మమైన గాలి గదులుండే ఈ రబ్బరు చెప్పుల వెనక మన పొరుగున ఉన్న వెల్లూరు ఆస్పత్రి చరిత్ర ఉంది. పాదాల్లో స్పర్శ కోల్పోయిన కుష్ఠు రోగులకు పుండ్లు పడకుండా చూడటానికి డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన సహచరులు అక్కడ ఇలాంటి పాదరక్షలను రూపొందించారు. తర్వాత మధుమేహ రోగులకు, ఇప్పుడు మడమ నొప్పివాళ్లకు చేరాయి. మెత్తగా ఉంటే సరిపోదు. పాదం వంపుకు ఆసరా ఉండాలి, మడమ కాస్త ఎత్తుగా ఉండాలి, చెప్పు మధ్యలో బట్టలా మడత పడకూడదు. అరిగి పలచబడిన హవాయి చెప్పులతో లాభం లేదు.

‘ఇంట్లో చెప్పులేంటి?’ అని పెద్దవాళ్లు ఊరుకోకపోవచ్చు. గడప దాటని జత ఒకటి విడిగా ఉంచుకుంటే ఆ పేచీ ఉండదు. అదీ కుదరకపోతే పొయ్యి ముందు, సింకు ముందు మందపాటి మ్యాట్ వేసుకోండి.

ఆరు వారాల పరీక్ష

చాలామంది ఓడిపోయేది నొప్పి దగ్గర కాదు, ఓపిక దగ్గర. వారం రోజులు శ్రద్ధగా చేస్తారు. తేడా కనిపించదు. మానేస్తారు. అరిగిన పట్టీ గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. కాకపోతే దానికి ఏడాది దాకా కూడా పట్టొచ్చు. అందుకే నొప్పిని కాకుండా మార్పును గమనించుకోవాలి. పొద్దున్నే ఎన్ని అడుగులు వేశాక నొప్పి సర్దుకుంటోందో క్యాలెండర్ మీద రాసుకోండి. ఇరవై కాస్తా పన్నెండు, పన్నెండు కాస్తా ఐదు అయిందంటే దారిలోనే ఉన్నట్టు. ఆరు వారాల్లో ఆ అంకె కదలకపోతే మళ్లీ ఫిజియోథెరపిస్టుకు చూపించుకుని వ్యాయామాలు సరిచేసుకోవాలి.

వ్యాయామం చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే భయపడక్కర్లేదు. మర్నాడు పొద్దున్న నొప్పి ముందు రోజుకంటే ఎక్కువగా ఉంటే మాత్రం మోతాదు మించినట్టు. ఒక మెట్టు తగ్గండి. నొప్పి పోయిందని వెంటనే మానేయకుండా ఇంకొన్నాళ్లు కొనసాగించండి.

అన్ని మడమ నొప్పులూ ఇవే కావు!

మడమను రెండు పక్కల నుంచి నొక్కితే విపరీతంగా నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నాక కూడా బాధిస్తున్నా ఎముకలో సన్నని చీలిక ఉందేమో చూడాలి. మంటలు, తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు ఉంటే నరం సమస్య కావొచ్చు. యువకుల్లో రెండు మడమలూ నొప్పి, దాంతోపాటు పొద్దున్నే నడుము పట్టేయడం ఉంటే కీళ్లవాతం కోణంలో పరీక్షలు అవసరం. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో ఆటల తర్వాత వచ్చే మడమ నొప్పి ఎదిగే ఎముకకు సంబంధించింది. దెబ్బ తగిలి ‘టప్’మన్న శబ్దంతో నొప్పి మొదలైనా, మడమ ఎర్రగా వాచినా, జ్వరం ఉన్నా, కాలు మోపలేకపోయినా సొంత వ్యాయామాలు వద్దు. మధుమేహం ఉన్నవాళ్లు మొదటే డాక్టరుకు చూపించుకోవాలి.

ఓ కుర్చీ వేస్తే...

ఎంత వ్యాయామం చేసినా, రోజుకు పదీ పన్నెండు గంటలు నిలబెట్టే ఉద్యోగం మారకపోతే మడమకు తెరిపి ఉండదు. కేరళలో బట్టల దుకాణాల్లో పనిచేసే మహిళలు ఏళ్ల తరబడి పోరాడితే, ఉద్యోగులు కూర్చోవడానికి వీలు కల్పించాలంటూ 2018లో అక్కడి ప్రభుత్వం చట్టం సవరించింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. గిరాకీ లేని పది నిమిషాలు సేల్స్‌గాళ్‌ను కూర్చోనిస్తే దుకాణానికి వచ్చే నష్టమేమీ లేదు. ఆ అమ్మాయి రేపు కుంటకుండా పనికొస్తుంది.

చట్టం అవసరం లేని చోటు ఇంకొకటుంది... మన వంటిల్లు. కూరగాయలు తరగడానికి, పప్పు ఏరడానికి, చపాతీలు ఒత్తడానికి నిలబడే ఉండాలన్న నియమం ఏమీ లేదు. ఎత్తుగా ఉండే ఓ స్టూలు తెచ్చి పొయ్యి గట్టు పక్కన వేయండి. ‘నాకేం నొప్పి లేదులే’ అంటూ గోడ పట్టుకుని నడిచే అమ్మనో, అత్తయ్యనో దాని మీద కూర్చోమనండి. తరగాల్సిన కూరగాయలు ఆమె ముందు పెట్టి, పొయ్యి దగ్గర మీరు నిలబడండి.